నడుముకు కట్టుకునే చిన్న బ్యాగు ఏ రకం తీసుకోవాల? (కొండలకీ, రోజూ బయట తిరిగేదానికీ)

పెన్నాగట్టు (కడప)
అన్నలూ అక్కలూ ఒక సలహా కావాల. ఆదివారాలు పాలకొండల వైపో సిద్ధవటం కోట వైపో, వీలైతే గండికోట దాకానో పోయి నడిచొస్తాంటా, మామూలు రోజుల్లో కూడా పని బయట తిరిగేదే, బండి మీద ఊర్లెంబడి పోతాంటా. వీపు బ్యాగు వేసుకుంటే మార్చి దాటినాక చొక్కా పిండుకోవాల్సిందే, అందుకే నడుముకు కట్టుకునేది చూస్తాండా. దాంట్లో పెట్టుకోవాలనుకునేవి: ఫోను, పవర్ బ్యాంకు, తలకు కట్టుకునే టార్చి, చిన్న మడత కత్తి, ఓఆర్‌ఎస్ పాకెట్లు, బ్యాండేజీ, తాళాలు, కొంచెం డబ్బులు, నీళ్ళ బాటిలు. ఆన్‌లైన్లో చూస్తే బ్యాగు లోపల పట్టే చోటు ఒకటి 1 లీటరు అంటాది, ఇంకోటి 8 లీటర్లు అంటాది, ఏది ఎవరికో తెలీడంల్యా. రెండు వేల లోపల అయిపోవాల. ఏం చూసి కొనాల చెప్పండి.

గుత్తికోట (అనంతపురం)
తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో నీళ్ళ బాటిలు ఆఖర్న పెట్టినావు, నేనైతే దాన్ని మొదట పెడతా. మిగతావన్నీ కలిపినా ముక్కాల్ కిలో దాటవు, ఫోను 200 గ్రాములు, పవర్ బ్యాంకు (10 వేల ఎంఏహెచ్‌ది) ఇంకో 200 పైన, టార్చి నూరు గ్రాముల లోపల, మిగిలినవి చిల్లర బరువు. నీళ్ళు మాత్రం లీటరుకి కిలో, దాంట్లో ఎవరూ ఏం చేయలేరు, స్టీలు బాటిలైతే ఇంకో పావు కిలో కలుపుకో. కాబట్టి నీళ్ళు నడుము మీద మోస్తావా లేక ఇంకో చోట మోస్తావా అనేది తేల్చుకుంటే లీటర్ల లెక్క దానికదే తేలిపోతాది. నీళ్ళు లేకపోతే 2, 3 లీటర్ల బ్యాగు నీకు శానా. నీళ్ళు ఉంటే 5, 6 లీటర్ల రకం, పక్కల బాటిలు జేబులు ఉండి, వెడల్పు బెల్టు ఉండి, వీపు కింద నడుము మీద కూర్చునేది తీసుకోవాల. 1 లీటరుది పర్సూ తాళాలూ పెట్టుకొని బజారుకు పోయేదానికి, 8 లీటర్లది చిన్న వీపు బ్యాగుతో సమానం, అంత బరువు నడుముకే కడితే కిందికి జారుతానే ఉంటాది.

ఎర్రనేల_రన్నర్ (అనంతపురం)
+1. నీళ్ళ సంగతి మొదట.

తీగబాట (కర్నూలు)
నాది కొంచెం వేరే మాట. అందరూ లీటర్లు లీటర్లు అంటారు గానీ బ్యాగు సుఖంగా ఉండేది లేనిది బెల్టు చెప్తుంది. సన్న పట్టీ, అంటే ఒక అంగుళం, 25 ఎంఎం ఉండేది, అది అరకిలో వరకే, దాని మీద బాటిలు పెడితే గంటకే కడుపు కోసుకుపోతుంది. ఒకటిన్నర అంగుళం పట్టీ ఉండి రెండు పక్కలా మెత్తగా ఫోమ్ ఉన్న రెక్కలు నడుము ఎముక దాకా వచ్చేవి చూడండి. కట్టుకునే చోటు కూడా ముఖ్యం, బొడ్డు మీద కాదు, తుంటి ఎముక పైఅంచు చేతికి తగులుతుంది కదా, దాని మీద బెల్టు కూర్చోవాలి, అప్పుడు బరువు ఎముక మోస్తుంది, కడుపు నొక్కుకోదు, ఊపిరి ఆడుతుంది. పొట్ట కొంచెం ఉన్నవాళ్ళు పొట్ట కింద నుంచి కట్టుకోవాలి, పైనుంచి కడితే నిలవదు. ఇంకోటి, బ్యాగుకు రెండు పక్కలా లోపలికి లాగే చిన్న పట్టీలు ఉన్నాయా లేవా చూడండి, అవి లాగితే బ్యాగు ఒంటికి అతుక్కుంటుంది, అవి లేకపోతే దిగేటప్పుడు అడుగుకొకసారి వెనక నుంచి తడుతూనే ఉంటుంది.

పెన్నాగట్టు (కడప)
గుత్తికోట అన్నా, నీళ్ళు నడుము మీదే అనుకుంటాండా, చేతిలో పట్టుకుంటే గండికోట కాడ రాళ్ళు ఎక్కేటప్పుడు రెండు చేతులూ కావాల కదా.

గుత్తికోట (అనంతపురం)
కరెక్టే. అట్లయితే ఒక లీటరు బాటిలు ఒక పక్కన పెట్టొద్దు, అరలీటరువి రెండు పెట్టు, కుడి ఎడమ సమానంగా ఉంటాది. ఒక పక్కనే కిలో పెడితే బ్యాగు తిరిగి తిరిగి ముందుకొచ్చేస్తాది. ఆస్ప్రే వాళ్ళ టాలన్ 6 అని ఒకటుంది, రెండు పక్కలా 570 మి.లీ. బాటిళ్ళు వాలుగా పెట్టుకునేట్టు చేసినారు, నీ బడ్జెట్లో రాదు గానీ ఆ తీరు ఎట్లుందో ఫోటోలు చూసి అదే తీరుది తక్కువలో వెతుక్కో. వాలుగా ఉండేదాంట్లో ఉండే లాభం ఏందంటే చెయ్యి వెనక్కి పెడితే బాటిలు అందుతాది, నిలువుగా ఉంటే మోచెయ్యి తగులుతాది.

గుడ్లూరి_అక్క (కడప)
ఇక్కడ అందరూ మగవాళ్ళే మాట్లాడుతున్నట్టున్నారు కాబట్టి నేను ఒక మాట రాస్తా. ఆడవాళ్ళు కొనేటప్పుడు బెల్టు ఎంత పొడుగు అని కాదు, బిగిస్తే ఎంత చిన్నది అవుతుందో చూడండి. సైజు పట్టికలో ఎక్కువ కొలత రాస్తారు, తక్కువ కొలత చాలామంది రాయరు, ఫోమ్ రెక్కలు రెండూ ముందు ఒకదానికొకటి తగిలిపోతే ఇంక బిగించేదానికి చోటుండదు, బ్యాగు వేలాడుతుంది. చుడీదార్ టాపు మీద కడితే నున్నటి బట్ట మీద జారుతుంది, వెనక ఒంటికి తగిలే వైపు కొంచెం గరుకు జాలీ బట్ట ఉండేది తీసుకుంటే నిలుస్తుంది. మా అమ్మ పొలానికి పోతే రొండిన తిత్తి దోపుకునేది, వక్కాకు, డబ్బులు, బీగం చెయ్యి అన్నీ దాంట్లోనే, బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత తెలీదు అనేది ఆమె లెక్క, ఇప్పటికీ అదే నిజం.

ఇంకా పెద్ద దర్గా ఉరుసుకి, జాతరలకి, బస్టాండ్లకి పోయినప్పుడు బ్యాగు ముందుకు తిప్పుకోవాలి, జిప్పు రన్నరు కుడి చెయ్యి కిందికి వచ్చేట్టు మూసుకోవాలి. వెనక కట్టుకొని గుంపులోకి పోకండి.

తీగబాట (కర్నూలు)
అక్క చెప్పింది నిజం. ముందుకు తిప్పుకునేది గుంపులో సరే, రాళ్ళు దిగేటప్పుడు మాత్రం ముందు ఉండకూడదు, కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడదు. గండికోట లోయ అంచు దగ్గరకి పోయే దారంతా పెద్ద పెద్ద రాళ్ళ మీద దాటుకుంటూ పోవడమే కదా, అక్కడ బ్యాగు వెనక్కో పక్కకో ఉండాలి. బేలుం గుహల్లో దీనికి ఉల్టా, వంగి పోయే చోట్ల వెనక ఉంటే పై రాయికి రాసుకుంటుంది, అక్కడ ముందుకు తిప్పుకోండి, లోపల ఉక్క కూడా ఎక్కువ, ఎంత తక్కువ కట్టుకుంటే అంత మంచిది. అంటే బెల్టు వదులు చేయకుండా తిప్పుకునేట్టు ఉండాలి, కొన్నప్పుడు అంగట్లోనే తిప్పి చూడండి.

కుట్టుమిషన్ (కర్నూలు)
నేను బ్యాగుల రిపేరు చేస్తా, అన్ని రకాలూ నా చేతికి వస్తాంటాయి కాబట్టి ఏది ముందు పోతుందో చెప్తా. బట్ట చినిగిపోయి వచ్చేవి తక్కువ. వచ్చేవన్నీ మూడు చోట్ల పోయి వస్తాయి, జిప్పు, క్లిప్పు, పట్టీ బ్యాగుకు కలిసే చోట కుట్టు.

జిప్పు గురించి. పళ్ళు అరిగిపోయినాయి అని తెస్తారు, పళ్ళు అరగవు, రన్నరు లోపల వెడల్పు అయిపోయి ఉంటుంది, పోయిన చోట వెనకనుంచి పళ్ళు విడిపోతాయి. రన్నరు రెండు పక్కల కటింగ్ ప్లేయరుతో కొంచెం కొంచెం నొక్కితే కొన్నాళ్ళు లాగుతుంది, లేదా రన్నరు మార్చుకుంటే చాలు, జిప్పు మొత్తం మార్చక్కర్లేదు. జిప్పు మీద 5, 8, 10 అని నంబర్లు ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ పళ్ళు వెడల్పు. పెద్ద అరకి 5 కంటే తక్కువ ఉంటే తీసుకోవద్దు. వైకేకే అని జపాన్ కంపెనీ, 1934 నుంచి ఉంది, రన్నరు మీద అక్షరాలు చెక్కి ఉంటాయి, అది ఉంటే ఎక్కువకాలం వస్తుంది, అయితే అక్షరాలు ఉన్నవన్నీ అసలువి కావు, అది గుర్తు పెట్టుకోండి. మన నల్లరేగడి దుమ్ము జిప్పులకి శత్రువు, పాత పళ్ళ బ్రష్షుతో దులిపి కొవ్వొత్తి రుద్దితే సాఫీగా నడుస్తుంది, వంట నూనె పుయ్యకండి, ఇంకా దుమ్ము పట్టుకుంటుంది.

కుట్టు గురించి. పట్టీ బ్యాగులోకి పోయే చోట ఒక్క వరస కుట్టు ఉంటే అది ఉండదు. చదరం గీసి మధ్యలో మూల నుంచి మూలకి దాటించినట్టు, ఇంటూ గుర్తు మాదిరి కుట్టు ఉండాలి, లేదంటే దగ్గర దగ్గరగా గట్టి కుట్టు అడ్డం వేసి ఉండాలి. కొనే ముందు లోపలికి వేలు పెట్టి ఆ చోటు తడిమి చూడండి. పట్టీ చివర మడిచి కుట్టి ఉండాలి, లేకపోతే ఒకరోజు క్లిప్పులోంచి జారి బయటికి వచ్చేస్తుంది, ఫోనుతో సహా కింద పడుతుంది.

పెన్నాగట్టు (కడప)
కుట్టుమిషన్ అన్నా ఇది బంగారం లాంటి మాట. బట్ట మీద 420డి, 500డి, 1000డి అని రాసుంటాది, అదేంది? ఎక్కువుంటే మంచిదేనా?

కుట్టుమిషన్ (కర్నూలు)
అది డెనియర్. దారం 9 వేల మీటర్ల పొడుగు తీసుకొని తూకం వేస్తే ఎన్ని గ్రాములు ఉందో ఆ నంబరు, 500డి అంటే 9 వేల మీటర్లకి 500 గ్రాములు. లావు దారం అని అర్థం, మంచిదా కాదా అనేది దాంతోనే తేలదు, నేత ఎంత బిగువు, లోపలి పూత ఎంత మంచిది అనేవి కూడా ఉంటాయి. నీకు 420 గానీ 500 గానీ నైలాన్ చాలు, 1000 తీసుకుంటే బట్టే బిరుసుగా, బరువుగా ఉంటుంది. ఎండలో ఎక్కువ ఉండేవాళ్ళకి ఒక మాట, పాలిస్టర్ ఎండకి నైలాన్ కంటే బాగా తట్టుకుంటుంది, నైలాన్ రాపిడికి బాగా తట్టుకుంటుంది, పట్టీ పాలిస్టరు ఉండి బ్యాగు నైలాన్ ఉంటే రెండూ కలిసొస్తాయి. రెగ్జిన్‌ది మాత్రం వద్దు, మన ఎండకి కాలుతుంది, చెమట పీల్చదు, రెండేళ్ళకి పొరలు లేస్తుంది.

కలివికోడి_కోసం (కడప)
నేను పక్షులు చూసేదానికి లంకమల పక్క పోతాంటా (అడవిలోకి కాదు, అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు, బయట పొదల అంచుల వెంబడే). కలివికోడి 1986లో మళ్ళీ కనపడింది అక్కడే కదా, అంతవరకు ఆ పక్షి అంతరించిపోయింది అనుకున్నారు, ఆ పొదల నేలంతా కంప. అందుకని నా మాట ఒకటి, బయట వల జేబులు ఉండే బ్యాగు తీసుకోవద్దు. ఫోటోలో బాగుంటాది, బాటిలు గాలాడతాది అని రాస్తారు, కంప చెట్టు పక్కన ఒక్కసారి పోతే వల పట్టుకొని చీలిపోతాది. చలికాలం దాటినాక ఎండు గడ్డి గింజలు వలలో గుచ్చుకొని ఒక్కోటి లాక్కోవాల్సి వస్తాది, లోపలికి పోయినవి ఒంటికి గుచ్చుకుంటాయి. బాటిలు జేబు కూడా నిండు బట్టదే ఉండాల, పైన ఒక సాగే తాడు ఉంటే చాలు.

బైనాక్యులర్ దీంట్లో పెట్టుకోవాలనుకునేవాళ్ళకి: 8x42 రకం ఆరేడు వందల గ్రాములు ఉంటాది, నడుము బ్యాగులో పెట్టొద్దు, మెడకో ఛాతీకో కట్టుకోవాల. 8x25 చిన్నదైతే పడతాది.

ఎర్రనేల_రన్నర్ (అనంతపురం)
గుత్తి కొండ గ్రానైట్ ఉప్పు కాగితం కన్నా గరుకు, కూర్చొని జారేటప్పుడు బ్యాగు అడుగు మొదట పోతుంది. అడుగున రెండు పొరల బట్ట ఉండేది చూసుకోండి. మిగతా చోట్ల పలచగున్నా పర్లేదు.

బండిమీద_నేను (కర్నూలు)
బండి నడిపేవాళ్ళ సంగతి ఎవరూ అనలేదు. బ్యాగు వెనక కట్టుకొని వెనక మనిషిని కూర్చోబెట్టుకుంటే ఇద్దరికీ ఇబ్బంది, ముందుకు తిప్పుకుంటే ట్యాంకు మీద కూర్చుంటుంది, అది బాగుంటుంది. ఇంకో ముఖ్యమైన మాట, స్టీలు బాటిలు, పెద్ద టార్చి, కత్తి లాంటి గట్టి వస్తువులు వెన్నెముక మధ్యకి రాకుండా పెట్టుకోండి, పడితే వాటి మీదే పడతాం. మధ్యలో బ్యాండేజీ, తువ్వాల, టోపీ లాంటి మెత్తటివి, గట్టివి పక్కలకి. పవర్ బ్యాంకు బండి డిక్కీలో ఎండకి పెట్టి పోవద్దు, ఎప్పుడూ ఒంటి మీదే, నీడ వైపు. ఏప్రిల్‌లో కర్నూల్లో బండి సీటు మీద చెయ్యి పెట్టలేం, దాని కింద ఆ బ్యాటరీ ఉడికిపోతుంది.

గుట్టలబాబు (నంద్యాల)
కత్తి బ్లేడు రెండూ పెట్టుకోండి బ్రో, పాము కరిస్తే కోసి రక్తం పోనిచ్చేదానికి పనికొస్తాది. తాడు ఒకటి కూడా, పైన గట్టిగా కట్టేదానికి.

తెల్లకోటు (కర్నూలు)
బాబూ, ఈ మాట దయచేసి ఇంకెవరికీ చెప్పకండి. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, ఇవి మూడూ కాలు చెయ్యి పోయేదానికి, ప్రాణం పోయేదానికి దారి. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదపకుండా ఒక కర్రకి ఆనించి వదులుగా గుడ్డతో కట్టి, ఉంగరాలు మెట్టెలు గొలుసులు తీసేసి, నడిపించకుండా మోసుకొని ఎంత తొందరగా ఆసుపత్రికి తీసుకుపోతే అంత మంచిది, 108 కి ఫోన్ చేయండి. విరుగుడు ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే, పామును పట్టుకొని రావాల్సిన పని లేదు. కాబట్టి బ్యాగులో బ్లేడు బదులు వెడల్పు క్రేప్ బ్యాండేజీ ఒకటి పెట్టుకోండి, అది బెణుకుకీ పనికొస్తుంది, కదలకుండా కట్టేదానికీ పనికొస్తుంది. కత్తి పండు కోసుకునేదానికి, తాడు తెంచేదానికి.

ఓఆర్‌ఎస్ గురించి కూడా ఒక మాట, పెన్నాగట్టు గారు అరలీటరు బాటిళ్ళు పెడతామన్నారు కదా. పెద్ద పాకెట్ (20 గ్రాముల పైన ఉండేది) ఒక లీటరు నీళ్ళకి కొలిచి చేసింది. దాన్ని అరలీటరులో మొత్తం పోస్తే ఉప్పు రెట్టింపు అవుతుంది, అది మంచిది కాదు. 200 మి.లీ.కి సరిపోయే చిన్న పాకెట్లు దొరుకుతాయి, అవే తీసుకోండి. కొలిచేదానికి కప్పు అక్కర్లేదు, బాటిలు మీద కొలత గీత ఉంటే చాలు. పాకెట్ మీద ఓఆర్‌ఎస్ అని ఉందో లేదో, ఎంత నీళ్ళకో అనేది చదివి కొనండి, ఓఆర్‌ఎస్ లాగా కనపడే తియ్యటి డ్రింకులు చాలా ఉన్నాయి, అవి వేరు.

గుడ్లూరి_అక్క (కడప)
తెల్లకోటు గారికి చాలా థాంక్స్. ఇది మా స్కూలు గ్రూపులో పెడతా.

పెన్నాగట్టు (కడప)
నేను కూడా. చిన్న పాకెట్లే తీసుకుంటా. అక్టోబరు, నవంబరు వానలకి ఏం చేయాల? వాటర్‌ప్రూఫ్ అని రాసినవి తీసుకుంటే సరిపోతాదా?

తీగబాట (కర్నూలు)
వాటర్‌ప్రూఫ్ అని రాసినా నీళ్ళు వచ్చేది జిప్పు నుంచి, కుట్టు రంధ్రాల నుంచి, బట్ట నుంచి కాదు. ఫోనూ డబ్బులూ ఒక జిప్‌లాక్ కవర్లో పెట్టుకుంటే వాన భయం లేదు, అది ఒక్క రూపాయి పని. జిప్పు మీద బట్ట మడత ఉండే బ్యాగు చూసుకోండి, అది వానకీ దుమ్ముకీ రెంటికీ పనికొస్తుంది.

అహోబిలం_దారి (ఆళ్ళగడ్డ)
ఒక చిన్న సంగతి, రంగు, మోత. అహోబిలంలో కోతులు ప్లాస్టిక్ కవరు శబ్దం వింటే వస్తాయి, బాటిలు బయట కనపడితే లాక్కుంటాయి. కొండెక్కేటప్పుడు తినేవి జిప్పు లోపల పెట్టుకోండి, బాటిలు జేబు లోతుగా ఉండాల, బాటిలు మూతి మాత్రమే కనపడేట్టు. చేతిలో కవరు పట్టుకొని పోయేవాళ్ళ వెంట పడతాయి, నడుముకు కట్టుకున్నోళ్ళని పెద్దగా పట్టించుకోవు. నల్ల రంగు ఎండకి వేడెక్కుతాది, బూడిద రంగో మట్టి రంగో తీసుకుంటే మరకలు కూడా కనపడవు.

ఎర్రనేల_రన్నర్ (అనంతపురం)
పరుగెత్తేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, పైన చెప్పినవి నడకకి. పరుగుకి 5 లీటర్ల బ్యాగు వద్దే వద్దు, సాగే బెల్టు, ఫోను, ఒక పాకెట్, చేతిలో 250 మి.లీ. బాటిలు. రెండింటికీ ఒకటే బ్యాగు అనుకుంటే రెండింటికీ సరిపోదు.

గుత్తికోట (అనంతపురం)
తమ్ముడూ ఇంకో దారి కూడా చెప్తా, అందరూ 5, 6 లీటర్ల వైపు పోతాండారు కాబట్టి. 2 లీటర్ల చిన్న బ్యాగు నడుముకు, బాటిలు ఒక పట్టీకి కట్టి జంధ్యం మాదిరి భుజం మీద అడ్డంగా. బరువు రెండు చోట్లకి పంచుకుంటాది, ఊర్లో తిరిగే రోజు బాటిలు ఇంట్లో పెట్టి బ్యాగొక్కటే కట్టుకోవచ్చు. కొండ మీద బాటిలు ఊగుతాది, అది దీంట్లో లోపం. నీకు వారంలో ఆరు రోజులు బండి, ఒకరోజు కొండ. ఆరు రోజులకి సరిపోయేది కొంటావా, ఒకరోజుకి సరిపోయేది కొంటావా నువ్వే చూసుకో. బెంగళూరు పక్క పోయేదుంటే డెకాథ్లాన్ అనే ఆటల సామాన్ల అంగట్లో వాళ్ళ క్వెచువా రకాలు కట్టుకొని చూడొచ్చు, రెండు నిండు బాటిళ్ళు అంగట్లోనే జేబుల్లో పెట్టి, అటూ ఇటూ నడిచి, మెట్లు ఎక్కి దిగి చూడు. ఖాళీ బ్యాగు కట్టుకుంటే అన్నీ బాగానే ఉంటాయి.

తీగబాట (కర్నూలు)
నేను ఒప్పుకోను అన్నా. భుజం మీద వేలాడే బాటిలు రాళ్ళ మీద ప్రమాదం, వంగినప్పుడు ముందుకొచ్చి కాళ్ళ మధ్య పడుతుంది. ఒకరోజు కొండే అయినా కాలు జారేది ఆ రోజే కదా. 5 లీటర్లది బాటిళ్ళు తీసేసి పక్క పట్టీలు బిగిస్తే చిన్నదైపోతుంది, ఆరు రోజులు అట్ల కట్టుకోవచ్చు.

గుత్తికోట (అనంతపురం)
పట్టీలు లాగితే చిన్నదయ్యే రకమైతే సరే, నీ మాట ఒప్పుకుంటా. లేకుంటే సగం ఖాళీ బ్యాగు బండి మీద ఊగులాడతాది.

పెన్నాగట్టు (కడప)
ఇంట్లో ఉండేవన్నీ తూకం వేసినా. నీళ్ళు కాకుండా 720 గ్రాములు వచ్చింది, అన్న చెప్పినట్టే. అరలీటరు బాటిళ్ళు రెండూ నింపితే 1 కిలో 800 దగ్గర. కాబట్టి 5 లీటర్ల రకం, రెండు నిండు బట్ట జేబులు, ఒకటిన్నర అంగుళం పట్టీ, బిగించే పక్క పట్టీలు, అడుగున రెండు పొరలు, జిప్పు 5 నంబరు పైన, ఇవి చూసి కొంటా. ఆన్‌లైన్లో ఒకటి దొరికింది 1,600కి, ఫోటోలో పట్టీ కుట్టు దగ్గరగా చూపించలా, అమ్మేవాళ్ళని అడిగి ఫోటో తెప్పించుకుంటాండా. చెమట ఉప్పు మరకలు పడితే మిషన్లో వేయొచ్చా?

కుట్టుమిషన్ (కర్నూలు)
మిషన్లో వేయొద్దు, లోపలి పూత ఊడిపోతుంది. చల్లటి నీళ్ళలో కొంచెం సబ్బు వేసి మెత్తటి బ్రష్షుతో పట్టీలూ వీపు వైపూ రుద్ది, జిప్పులన్నీ తెరిచి నీడలో తలకిందులుగా వేలాడదీయి. ఎండలో వేస్తే పూత జిగట పడుతుంది. కుట్టు ఫోటో వస్తే ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.